ఇరవై రెండు బద్దల బుట్ట

కణానికి ఎముకలుండవు. అయినా మన పాఠ్యపుస్తకాలు ‘కణ అస్థిపంజరం’ అనే రాస్తాయి. ఆ మాటతో నాకు ఎప్పటి నుంచో పేచీ. అస్థిపంజరం అంటే ప్రాణం పోయాక మిగిలేది. కణం లోపల ఉండేది అది కాదు. ట్యూబులిన్ అనే ప్రోటీన్ పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కట్టుకునే సన్నటి గొట్టాలవి. చాలా కణాల్లో అవి పెళ్ళి పందిరి గుంజల్లాంటివి. అవసరానికి లేస్తాయి, పనైపోగానే ఊడిపోతాయి.

ఆ గొట్టాల ఫొటోలు తీయడమే నా ఉద్యోగం. నేను చూసేది టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవిని. మలేరియా క్రిమికి ఇది దూరపు చుట్టం. పిల్లుల పేగుల్లో సంతానాన్ని పెంచుకుని, మట్టిలోంచి, నీళ్ళలోంచి, సరిగా ఉడకని మాంసంలోంచి మన దగ్గరికొస్తుంది. ప్రపంచంలో మూడో వంతు మంది ఒంట్లో ఇది ఉంటుందని ఒక అంచనా. చాలామందికి ఏమీ కాదు. గర్భిణికి కొత్తగా సోకితే మాత్రం కడుపులో బిడ్డ కళ్ళకీ మెదడుకీ ముప్పు. ఇప్పుడున్న మందులు చురుగ్గా పెరిగే కణాల్ని ఆపగలవు కానీ, మెదడులోనూ కండరాల్లోనూ గూడు కట్టుకుని నిద్రపోయే వాటిని తుడిచిపెట్టలేవు.

చూడ్డానికి ఇది చిన్న అరటిపండులా ఉంటుంది. ఆ వంపుని నిలబెట్టేవి 22 గొట్టాలు. ముందు కొసన ఉన్న ఒక ఉంగరం దగ్గర మొదలై, కాస్త మెలితిరుగుతూ, ఒంటి పొడవులో మూడింట రెండు వంతుల దాకా వస్తాయి. బుట్ట అల్లేవాళ్ళు ముందుగా నిలబెట్టుకునే వెదురు బద్దలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. పందిరి గుంజల్లా ఇవి ఊడిపోవు, గట్టివి. ఇవి సరిగా ఉంటేనే ఆ కణం మన కణంలోకి దూరగలదు.

చిక్కల్లా చూడ్డంలోనే ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద మలేరియా క్రిమిని చూశాడు. ఆయనకి కనిపించినవి గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రంగు రేణువులు. అంతకు మించి ఆ అద్దాలు చూపించలేవు. మామూలు కాంతితో చూసే సూక్ష్మదర్శినికి 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువులు ఒకటిగానే కనపడతాయి. గొట్టం మందమేమో 25 నానోమీటర్లు. బుట్ట కనిపిస్తుంది, బద్దలు కనపడవు.

2015లో ఎమ్ఐటీలో ఎడ్ బాయిడెన్ బృందం దీనికి చిత్రమైన ఉపాయం కనిపెట్టింది. అద్దాన్ని మార్చలేకపోతే వస్తువునే పెద్దది చేద్దామన్నారు. పసిపిల్లల డైపర్లలో నీళ్ళు పీల్చే పదార్థం ఉంటుంది కదా, ఆ జాతి జెల్‌లో కణాన్ని ఇమిడ్చి నీళ్ళు పోస్తారు. తెనాలిలో వేసవి వస్తే గ్లాసులో సబ్జా గింజలు ఉబ్బుతాయే, అలా జెల్ ఉబ్బుతుంది. దానితో పాటే కణంలోని ప్రతి భాగమూ ఒకదానికొకటి సమానంగా దూరం జరుగుతుంది. పొడవు, వెడల్పు, లోతు అన్నీ నాలుగింతలు. 2019లో జెనీవాలో ఈ పద్ధతికి మరింత పదును పెట్టారు. ఆ తర్వాత, మలేరియా క్రిమికి లేదనుకున్న ఒక భాగం తాలూకు ఆనవాలు దీనితోనే బయటపడింది.

ఇందులో ఒక మెలిక ఉంది. కణం ఉన్న భంగిమలో ఉన్నట్టే బిగుసుకుపోవాలి. అంటే దాన్ని చంపాలి. కాబట్టి నేను చూసేది కదలికని కాదు, కదలిక ఆగిన క్షణాన్ని. వేల కణాల్ని వేర్వేరు క్షణాల్లో ఆపి, ఏది ముందో ఏది వెనకో వరస పెట్టుకోవాలి.

మా బాబాయ్ బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాడు. రేపల్లెలో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతాడు. మొన్న వెళ్ళినప్పుడు అడిగాడు.

“ఇంతకీ నువ్వు చేసే పనేందమ్మా?”

ఫోన్‌లో ఒక ఫొటో చూపించాను. ఒరైజాలిన్ అనే రసాయనం తగిలిన టాక్సోప్లాస్మా అది. ఈ క్రిమి విడిపోయే తీరు వేరు. తల్లి కణం లోపలే ఇద్దరు పిల్లలు తయారవుతారు. ఫొటోలో తల్లి బద్దలు చెక్కుచెదరలేదు. లోపలి పిల్లలకి మాత్రం బద్దల్లేవు. ఆకారం లేని ముద్దలు. అలా పుట్టినవి ఇంకో కణంలోకి దూరలేవు.

“ఒరైజాలిన్ అంటే మన పెండిమిథాలిన్ జాతిదేగా?” అన్నాడు వెంటనే.

అవును, రెండూ డైనైట్రోఅనిలిన్లే. డెల్టాలో వరి కోసి మినుము చల్లిన చేలల్లో ఇసుకలో కలిపి చల్లే కలుపు మందు పెండిమిథాలిన్. మొలకెత్తే గడ్డి వేళ్ళలో అదే ట్యూబులిన్ పూసలు పేరుకోకుండా అడ్డుపడుతుంది. కణాలు విడిపోవు, వేరు కొస ఉబ్బి ఆగిపోతుంది.

“మరి మనకేం కాదా?”

“ఈ మందులు మన ట్యూబులిన్‌కి అతుక్కోవు బాబాయ్. గౌటు నొప్పికిచ్చే కాల్చిసిన్ మన దానికి అతుక్కుంటుంది. అది అడవి నాభి మొక్కలో ఉంటుంది. ఆ మోతాదుకి టాక్సోప్లాస్మా లొంగదు.”

నాకు ఆశ ఉన్నది ఆ తేడాలోనే. పూస ఒకటే, నునుపు వేరు. వేరుగా ఉన్నచోట మందు కూర్చోగలదు. అయితే కలుపు మందు మనిషికి మందు కాదు. నీళ్ళలో సరిగా కరగదు, విషం విషమే. అది చూపించేది తాళం ఎక్కడుందో. తాళంచెవి ఇంకా చేయాల్సే ఉంది.

ఈ మాటే చెప్తే బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

“చేస్తార్లే. ఏటా అదే కొట్టండి, నాలుగేళ్ళకి గడ్డి అలవాటు పడుద్ది. మా రైతులకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.”

నేను చెబుదామనుకున్నది ఆయనే చెప్పేశాడు. 1970లలో అమెరికాలోని దక్షిణ కరోలినా పత్తి చేలల్లో, మన రాగికి దగ్గరి చుట్టమైన ఒక గడ్డి ఈ జాతి మందులకి చావడం మానేసింది. కారణం 1998లో తేలింది. ట్యూబులిన్ పూసలో 239వ స్థానంలో ఉండాల్సిన అమైనో ఆమ్లం మారింది. తర్వాత ప్రయోగశాలలో మందుని తట్టుకున్న టాక్సోప్లాస్మాల్ని పరిశీలిస్తే, కొన్నిటిలో సరిగ్గా అదే స్థానంలో అదే మార్పు. చేలో గడ్డి, గాజుపళ్ళెంలో క్రిమి, ఒకదానికొకటి తెలియకుండా ఒకే దారి పట్టాయి.

అందుకే మా ల్యాబ్‌లో ఇప్పుడు మందుకి లొంగిన కణాలకంటే లొంగని వాటినే ఎక్కువగా ఉబ్బించి చూస్తున్నాం. మందు మధ్యలోనూ బద్దల్ని నిలబెట్టుకున్న పిల్లల్ని. ఎన్ని నిలబడ్డాయో, ఎక్కడ వంకర పోయాయో లెక్కపెడుతున్నాం. మారిన పూసతో కట్టిన బుట్ట పాతదంత గట్టిగా ఉంటుందా, లేక బతకడానికి ఏదో ఒకటి వదులుకుందా అన్నది ఆ లెక్కలోంచే తేలాలి.