చేపల వేట మానేసి మైన్ల వేటకు వెళ్లినవాళ్లు

బ్రిటన్ మ్యాప్‌లో తూర్పు చివర ఉండే ఊరు లోస్టాఫ్ట్. లండన్‌లో ఆన్‌సైట్ చేసే మనవాళ్లు వీకెండ్ వస్తే ఎడిన్‌బరో అంటారు గానీ ఇటు రావడం తక్కువే. లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి, ఇప్స్‌విచ్‌లో మారి, ఓ శనివారం వెళ్లాను. ఒకప్పుడు చేపల పడవలతో కిటకిటలాడిన రేవు ఇది. అయితే నేను చూడాలనుకున్నది రేవు కాదు, సముద్రం పక్కన గట్టు మీదున్న బెల్ వ్యూ పార్క్.

అక్కడో ఎత్తైన స్తంభం ఉంది. కింద కంచు పలకల మీద దాదాపు 2,400 పేర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ నేవల్ పెట్రోల్ సర్వీస్‌లో పనిచేసి, సముద్రం తప్ప వేరే సమాధి లేనివాళ్లవి. ఆ సర్వీస్‌లో చాలామంది యుద్ధానికి ముందు వలలు లాగి బతికిన మత్స్యకారులు.

నేవీకి వాళ్లతో ఏం పని? మైన్ అంటే మందుగుండు కూరిన ఇనుప గుండు. అడుగున బరువుకి తాడుతో కట్టి, నీటిపైకి కనిపించకుండా తేలేలా వదులుతారు. ఓడ తగిలితే పేలుతుంది. దాన్ని తీయాలంటే ఉక్కు తీగను నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లి ఆ తాడు తెంపాలి. మైన్ పైకి తేలగానే తుపాకీతో కాల్చాలి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్లు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. వల నోరు తెరిచి ఉంచే ఓటర్ బోర్డు లాంటిదే ఇక్కడ తీగను పక్కకు లాగి పట్టుకునేది. ఓడ కూడా అదే ట్రాలర్, పనివాళ్లూ వాళ్లే. వలకి బదులు తీగ, అంతే తేడా.

కానీ దారి శుభ్రం చేసేవాడే ముందు ఆ దారిలోకి వెళ్లాలి కదా! పైగా 1939లో జర్మనీ అయస్కాంత మైన్లు వదిలింది. అవి అడుగునే పడుంటాయి, తగలక్కర్లేదు, పైనుంచి ఇనుప ఓడ వెళితే చాలు. వాటికి తీగ పనికిరాదు. తర్వాత కరెంటు కేబుళ్లు ఈడ్చి వాటిని పేల్చేవాళ్లు. ఇవాళ తుడిచిన దారిలో రాత్రికి మళ్లీ మైన్లు పడేవి. తెల్లారితే మళ్లీ అదే పని.

పార్క్ పక్కనే, కింద స్పారోస్ నెస్ట్ తోట ఉంది. ఈ సర్వీస్‌కి హెడ్‌క్వార్టర్స్ అదే. ఇప్పుడక్కడ చిన్న మ్యూజియం నడుస్తోంది. పాత పడవలు, యూనిఫాంలో ఇమడని మనుషులు... అందుకని ఓ హాస్యనటుడి పేరు తగిలించి, 'హ్యారీ టేట్ నేవీ' అని ఎగతాళి చేసేవారట. ఆ ఎగతాళి నేవీ నుంచే రిచర్డ్ స్టానార్డ్ 1940లో నార్వే తీరంలో చూపిన తెగువకి విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఆయన నడిపిన అరబ్ కూడా ట్రాలరే.

రాత్రంతా సర్వర్లు కాసే ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్లకి తెలుసు, ఏమీ జరగకపోవడమే మన పనికి ఫలితమని. వీళ్లదీ అంతే. తిండిగింజల ఓడ క్షేమంగా రేవు చేరితే అది వార్త కాదు. మన పని పాడైతే సర్వర్ డౌన్ అవుతుంది, వాళ్లకి మాత్రం పడవే ఉండేది కాదు. ఇంట్లోవాళ్లు ఓ పువ్వు పెట్టాలన్నా ఈ కంచు పలక తప్ప చోటు లేదు. అటువైపు వెళితే ఆ పేర్లలో కొన్నైనా నిలబడి చదవండి.