పరికరాలకూ రోగ చరిత్ర ఉంటుంది

ఆళ్లగడ్డలోను, నంద్యాలలోను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజులలో, నా ఎదుట కూర్చున్న ప్రతి రోగినీ మొదట మూడు ప్రశ్నలు అడిగేవాడిని. బాధ ఏమిటి? ఎప్పటి నుండి? మొదలయ్యే ముందు ఏం జరిగింది? పదవీ విరమణ తరువాత కంప్యూటర్లు, ఫోన్లు, ఇంట్లో వాడే చిన్న చిన్న పరికరాల గురించి తెలుసుకోవడం నాకు కాలక్షేపంగా మారింది. ఈ సంగతి తెలిసినవారు ఇప్పుడు నాడి చూడమని చెయ్యి చాపడానికి బదులు సంచిలో నుండి ఫోను తీసి ఇస్తున్నారు. నేను అడిగేవి మాత్రం ఆ మూడు ప్రశ్నలే. సగం చికిత్స వాటితోనే పూర్తవుతుంది. మందు ముందు ఇచ్చి రోగం తరువాత కనుక్కోవడం మనుషుల విషయంలో ఎంత ప్రమాదమో, యంత్రాల విషయంలోనూ అంతే.

ఆళ్లగడ్డలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. అక్కడి శిల్పులు రాతిలో విగ్రహాలను మలిచే తీరు గురించి ఏళ్ల తరబడి వ్యాసాలు రాసి కంప్యూటరులో దాచుకున్నారు. "సార్, వైరసు పట్టి అంతా పోయింది. తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలైపోయింది" అని ఫోను చేశారు. ఎప్పటి నుండి అని అడిగాను. కొత్త కంప్యూటరు కొన్నప్పటి నుండి అన్నారు. జవాబు అందులోనే ఉంది. వెనుకటి తెలుగు ఫాంట్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చి తయారు చేసినవే. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అవి ఇంగ్లీషు అక్షరాలుగానే కనబడతాయి. జబ్బు అక్షరాలది కాదు, కళ్లజోడుది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు ప్రత్యేకంగా కేటాయించారు. ఆ పద్ధతిలో టైపు చేసినది ఏ కంప్యూటరులోనైనా, ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనబడుతుంది. పాత ఫాంటును కొత్త యంత్రంలోకి ఎక్కించగానే ఆయన వ్యాసాలన్నీ తిరిగి వచ్చాయి. తరువాత వాటి నకళ్లను యూనికోడ్‌లోకి మార్చుకున్నాము. మార్పిడిలో ఒత్తులు అక్కడక్కడ చెదురుతాయి కనుక, అసలు ఫైళ్లను చెరపకుండా పక్కన ఉంచి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

రెండవది వేసవి జబ్బు. నంద్యాల ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. కాని చాలా ఫోన్లను 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడుకోమని తయారీదారులే చెబుతారు. ఒక యువకుడు తన ఫోను తెచ్చి, "కడుపుబ్బరం వచ్చినట్టుంది సార్" అన్నాడు. వెనుక మూత నిజంగానే పైకి లేచి ఉంది. చరిత్ర అడిగితే, పగలు మోటారు సైకిలు ట్యాంకు మీది సంచిలో ఎండకు, రాత్రి దిండు కింద ఛార్జింగులో ఉంటుందని తేలింది. వేడి వల్ల లిథియం బ్యాటరీ లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు, ఇక ఛార్జింగు పెట్టరాదు. అది మంటకు దారి తీయవచ్చు. మంచానికి, గుడ్డలకు దూరంగా ఉంచి, మరమ్మతు కేంద్రంలో అప్పగించాలి. చెత్తబుట్టలో పడవేయరాదు. మన పడకగదిలో పసిపిల్లలు కూడా నిద్రపోతారని మరువరాదు.

మూడవది నేను ఎక్కువగా భయపడే సమస్య. నంద్యాలలో బియ్యం వ్యాపారం చేసే అరవయ్యేళ్ల పెద్దమనిషికి కొడుకు చేతి గడియారం కొనిచ్చాడు. రక్తపోటు చూపిస్తుందట. "రోజూ 120, 80 చూపిస్తుంటే మాత్రలెందుకని మానేసినాను సార్" అన్నారు. కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి కొలిస్తే 168, 100 వచ్చింది. అయిదు నిమిషాల తరువాత మళ్లీ చూసినా పెద్దగా తగ్గలేదు. ఆయనకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడమూ లేదు. అధిక రక్తపోటు ఎక్కువమందిలో ఇలాగే చప్పుడు చేయకుండా ఉండి, ఒకనాడు పక్షవాతంగా బయటపడుతుంది. ఇటువంటి గడియారాలలో చాలావరకు చర్మం మీదికి కాంతిని పంపి, నాడి కదలికలను బట్టి రక్తపోటును అంచనా వేస్తాయి. దండకు చుట్టే పట్టీ అయితే రక్తనాళాన్ని నొక్కి పట్టి, వదులుతూ కొలుస్తుంది. రెండూ ఒకటి కావు. సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర కొలుస్తామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది కూడా. ఇంట్లో రక్తపోటు చూసుకోదలచినవారు దండకు చుట్టే యంత్రాన్నే కొనండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఉంచి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని మీ వైద్యునికి చూపకుండా మాత్ర మానకండి, పెంచకండి. వ్యాపారి మరునాడే తన వైద్యుని దగ్గరకు వెళ్లి, ఆయన సలహాతో మాత్రలు తిరిగి మొదలుపెట్టారు.

చివరిది ఆళ్లగడ్డ నుండి వచ్చిన ఒక పెద్దమ్మ ఫోను. "నిండిపోయిందంట నాయనా, అంతా తుడిచేస్తే కొత్తదాని మాదిరి అవుతుందన్నారు" అని నా చేతిలో పెట్టింది. తుడిచేయడం రెండు నిమిషాల పని. అయినా లోపల ఏముందో చూడకుండా తుడవరాదు కదా. ఎవరెవరు పంపినవి ఉన్నాయమ్మా అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. చనిపోకముందు ఆమె భర్త పొలం నుండి పంపిన మాటలు అందులోనే ఉన్నాయట. "అన్నం తిన్నావా" అని ఒకటి, "మోటారు ఆపినాను, వస్తాండా" అని ఒకటి. ఆయన గొంతు ఆమెకు మరెక్కడా మిగల్లేదు. ఫోనును నింపినది ఆయన మాటలు కాదు, ఎవరెవరో పంపిన శుభోదయం బొమ్మలు, వీడియోలు. ధ్వని సందేశాలు ఆ ఫోనులో విడి ఫైళ్లుగా ఉంటాయి కనుక, తీగతో కంప్యూటరుకు కలిపి ముందు వాటిని నకలు తీశాను. తరువాతే బొమ్మలు, వీడియోలు తీసివేశాను. ఫోను బాగా నడుస్తున్నది.

ఫైళ్లు దాచేవారు ఒక సూత్రం చెబుతారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, అందులో ఒకటి ఇంటికి బయట. ఆమె ఫోనులో ఒకటి ఉంది. పెన్‌డ్రైవులో ఒకటి ఆమె బీరువాలో ఉంది. ఇంకొకటి నంద్యాలలో ఉన్న ఆమె కూతురి కంప్యూటరులో ఉంది. మీ ఇంట్లో కూడా పెళ్లి ఫోటోలు, ఆసుపత్రి రిపోర్టులు, పెద్దల గొంతులు ఒక్క ఫోనులోనే ఉండి ఉండవచ్చు. ఈ ఆదివారం పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు, వారితో ముందుగా ఆ నకలు తీయించుకోండి. ఫోను ఎందుకు నెమ్మదించిందో ఆ తరువాత తీరికగా చూడవచ్చు.