మారిషసులో సాయంకాలపు తరగతి

మావారు తెలుగు బోధించుటకై రెండు సంవత్సరములు మారిషసు ద్వీపమున నుండవలసివచ్చినపుడు నేనును వెంట వెళ్లితిని. మేము కాపురమున్న పల్లెలోని రామమందిరమున పిల్లలకు సాయంకాలము తెలుగు తరగతి జరుగుచుండెను. ఆ తరగతి పంతులుగారికి సహాయురాలుగా నుండుమని పెద్దలు కోరగా సంతోషముతో నంగీకరించితిని. చిన్ననాట మా తండ్రిగారియొద్ద భారత భాగవతములు చదివినదానను. పిల్లలకు నాలుగక్షరములు నేర్పుట యెంతపని యని తలచితిని. ఆ గర్వమెట్లు తీరినదో చెప్పుటకే యీ వ్యాసము.

మారిషసు హిందూమహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా నున్న చిన్న ద్వీపము. ముంబయినుండి విమానమున ఆరేడు గంటల ప్రయాణము. అచ్చటి గడియారము మనదానికంటె గంటన్నర వెనుక నడచును. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే ఋతువులు తలక్రిందులు. మేము జనవరిలో దిగునప్పటికి నడివేసవి. బడులకు సంవత్సరారంభమును, తుపానులకు అదనును అదియే. తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులుగా నుండును. మూడవది ప్రకటించిన పిమ్మట ఇల్లు కదలరాదు. పొరుగింటి ఇల్లాలు మొదటి వారముననే వచ్చి, కొవ్వొత్తులు, త్రాగునీరు, రొట్టెలు ముందుగా నిలువచేసికొమ్మని సైగలతో బోధించిపోయెను.

ఎటు చూచినను చెఱకుతోటలు. వాని నడుమ నల్లరాళ్ల గుట్టలు. ఆ రాళ్లను పొలములనుండి యేరి పేర్చిన చేతులలో మనవారి చేతులును గలవు. 1834 మొదలుకొని కూలి యొడంబడికలపై భారతీయులు లక్షలకొలది యచ్చటికి పోయిరి. పోర్టు లూయీ రేవున వారెక్కివచ్చిన రాతిమెట్లు నేటికిని నిలిచియున్నవి. ఆప్రవాసి ఘాట్ అను నా చోటును 2006లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవున ఓడయెక్కి వచ్చిన మనవారిని ఆ దినములలో కోరంగీలనెడివారట. నేడు ఉగాది ఆ దేశమంతటికిని సెలవుదినము.

నాకు మొదట కలిగిన కష్టము భాషతోనే. అచ్చట ప్రభుత్వపు కాగితములు ఇంగ్లీషున, వార్తాపత్రికలు ఫ్రెంచిన నుండును. ఇంటను వీధిలోను మాటాడునది క్రియోలు. ఒకనాడు అంగడిలో మునగాకును వ్రేలితో చూపగా అమ్మునామె "బ్రెద్ మురుం" అనెను. కొత్తిమీర "కొతొమిలి" యట. కరివేపాకు "కారిపులే" యట! తమిళ సోదరుల నోటిమాటలు సముద్రము దాటి, ఫ్రెంచి యాస నేర్చి, కూరగాయల బుట్టలో కూర్చున్నవి. ఆనాడు మునగాకు పప్పు వండి తినుచుండగా పరదేశమను భీతి సగము తీరెను.

తరగతిలో 18 మంది పిల్లలు. నన్ను "మిస్" అని పిలిచెడివారు. వారికి తెలుగు ఇంటిలో మాటాడు భాష కాదు, దేవుని సన్నిధిలో పాడు భాష. దీపముచుట్టు తిరుగుచు రామభజన పాటలు తడబడక పాడుదురు. అర్థమడిగినచో తల వంచుకొందురు. ఆ పాటలను వారు రోమను లిపిలో వ్రాసికొని దాచుకొందురు.

మూడవ వారమున ఒక బాలిక నాయనమ్మను పాట పాడి వినిపింపుమని పంతులుగారు పిలిపించిరి. ఆమె జోలపాట నెత్తుకొనెను. అందు "నాను" అను మాట వచ్చెను. నేనూరకుండక, "అట్లు కాదవ్వా, నేను అనవలెను" అని నల్లబల్లపై వ్రాసితిని. పిల్లలు ఘొల్లున నవ్విరి. ఆమె పాట నాపి, కొంగు సవరించుకొని, మెల్లగా లేచిపోయెను. మరునాటినుండి ఆమె రాలేదు, మనుమరాలును రాలేదు.

నాలుగు దినములైన పిమ్మట ఈ సంగతి మావారితో చెప్పితిని. వారు కొంతసే పాలోచించి, "నేను విజయనగరమువైపు పల్లెబడిలో పనిచేసినపుడు పిల్లలు నాను అనియే పలికెడివారు. ఆమె పలుకు తప్పు కాదు; ఆమె పూర్వులు విడిచివచ్చిన యూరిమాట" అనిరి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తెల్లవారగానే ఆమె యింటికి పోయితిని. ముంగిట మునగాకు దూయుచు కూర్చుండెను. "అవ్వా, తెలియక తప్పు చేసితిని. ఆ పాట నాకు నేర్పుదురా?" అని యడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. పిదప, "మా అత్త నేర్పినాది. పుస్తకం నేదమ్మా. నాను పోతే పాట పోద్ది" అనెను. నేనును ప్రక్కన కూర్చుండి ఆకు దూయుచు పాట నేర్చుకొంటిని. "నాను"ను నానుగానే వ్రాసికొంటిని.

ఆ వారమే ఆమె మరల తరగతికి వచ్చెను. "ఆనాడు తప్పు నాది, అవ్వది కాదు" అని పిల్లలతో చెప్పి, వారిచే ఆ జోలపాటను తెలుగు లిపిలో వ్రాయించితిని. మనుమరాలు తన వ్రాతను చదివి వినిపించుచుండగా, అక్షరమెరుగని యా వృద్ధురాలు కాగితమును దగ్గరకు తీసికొని, ఒక మాటపై వ్రేలుంచి, "నాను అంటే ఇదేనా?" అని యడిగెను. ఔనని ఆ బాలిక తల యూపెను.

నేడు మన యాడుబిడ్డలు భాష నేర్పుటకై దేశదేశములకు పోవుచున్నారు. వారికి నేను చెప్పదగినది కొంచెమే. వెళ్లిన వెంటనే అంగడిలో పనికివచ్చు పది మాటలు నేర్చుకొనుడు. పొరుగింటి ఇల్లాలితో స్నేహము చేసికొనుడు. మొదటి నెల దిద్దుటకంటె వినుట కెక్కువ కాలము నియ్యుడు. ముఖ్యముగా ముసలివారు పాడునపుడు బలపమును క్రింద నుంచుడు.