మా యింటి తెలుగు

బెంగుళూరులో మా కుటుంబము స్థిరపడి నాలుగు తరములైనది. వీధిలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు. ఇది మా తాతగారు పెట్టిన కట్టుబాటు. దానిని చెడకుండ నిలుపుకొంటినని సంఘపు సభలలో నేనే పలుమారులు గొప్పగా చెప్పుకొంటిని. ఆ గొప్ప యెంతటిదో నా కుమారుని మూలమున తెలిసినది.

వానికప్పుడు ఇరువది రెండేండ్లు. ఇంజనీరింగు చివరి సంవత్సరమున రెండు పరీక్షలు తప్పి గదిలోనే కూర్చుండిపోయెను. పగలు నిద్ర, రాత్రి మేలుకొనుట, అన్నము సయించదు. మా అమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసినది. నేను కసరితిని. తుదకు ఒక స్నేహితుని మాటపై వాడే ఒక మనస్తత్త్వ నిపుణురాలి కడకు పోవ నారంభించెను. మందు లేదు, వారమున కొకసారి, ఏబది నిమిషములు, ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుట. దీనినే సైకోథెరపీ యందురు. మందులు వ్రాయు సైకియాట్రిస్టు పని వేరు.

మా యూరికిది క్రొత్త విద్య కాదు. అఖిల భారత మానసికారోగ్య సంస్థ 1954లో ఇచ్చటనే ఏర్పడినది; దానిని, ప్రక్కనున్న మానసిక వైద్యశాలను కలిపి 1974లో నిమ్హాన్సు చేసిరి. హోసూరు రోడ్డున ఆ గోడప్రక్కగా ముప్పదియేండ్లు బస్సులో పోయియు, అది పరుల కొరకే యని తలంచితిని. బంధువులడిగినప్పుడు, పిల్లవాడు కంటి డాక్టరు కడకు పోయినాడంటిని. ఇంటిలో పెండ్లి కావలసిన ఆడపిల్ల యున్నది మరి!

ఒకనాడు వెలుపలి బల్లపై కాచుకొని కూర్చుండి, ఆమె రాగానే, వాడేమి చెప్పెనని అడిగితిని. వాడు ఒప్పుకొన్నగాని ఒక్క మాటయు చెప్పజాలనని ఆమె కన్నడములో మృదువుగా ననెను. రుసుము చెల్లించునది నేను. నాకు కోపము వచ్చినది. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ఈ గోప్యతను హక్కుగా నిచ్చినదని తరువాత తెలిసికొంటిని. మన యిండ్లలో పిల్లవాడు ఉదయము చెప్పిన మాట సాయంకాలమునకు పిన్నమ్మగారి యింటికి చేరును గదా! ఇట్టి నిపుణులు దగ్గర లేని యూళ్ళవారికి 2022లో ఆరంభమైన టెలి-మానస్ కలదు. 14416కు ఫోను చేసినచో తెలుగులోను మాటలాడుదురు.

ఆమె పద్ధతికి మూలపురుషుడు ఫిలడెల్ఫియాకు చెందిన ఆరన్ బెక్ అను వైద్యుడు. దిగులుతో క్రుంగినవారి మనస్సులో కొన్ని వాక్యములు తమంతట తామే మెదలుచుండునని ఆయన 1960ల నాడు గమనించెను. అట్టి వాక్యమును పట్టుకొని కాగితముపై పెట్టవలెను. ప్రక్కన ఒక గడిలో అది నిజమనుటకు ఆధారములు, మరియొక గడిలో కాదనుటకు ఆధారములు వ్రాయవలెను. తగవు తీర్చు పెద్దమనిషి వలె ఇరుపక్షములు వినవలెను. ఏ భాషలో మెదలిన ఆ భాషలోనే వ్రాయుమని ఆమె చెప్పినదట.

రెండు నెలల పిమ్మట ఒక రాత్రి వాడే ఆ నోటుపుస్తకము తెచ్చి నా ముందుంచెను. బడిలో వాడు నేర్చినవి కన్నడము, ఇంగ్లీషు. తెలుగు లిపి నేను నేర్పలేదు. కన్నడ లిపిలో ఒక తెలుగు వాక్యము: "నువ్వెందుకూ పనికిరావు."

అది నా వాక్యము. ఐదవ తరగతిలో లెక్కల మార్కులు తగ్గిన నాటినుండి ఎన్నిమారులంటినో! స్నేహితులతో కన్నడములో నవ్వి, ఇంగ్లీషులో పరీక్షలు వ్రాసి, తన్ను తాను నిందించుకొనుటకు మాత్రము వాడు తెలుగునకు వచ్చుచుండెను.

వాని మొగమున కోపము లేదు. "ఈ గడి నిండింది నాన్నా. రెండోదాంట్లో ఏం రాయాలో నాకు తోచడంలేదు. ఇంట్లో ఎవరినైనా అడగమన్నారు" అనెను.

కలము పట్టి చాలసేపు కూర్చుంటిని. మా అమ్మకు తుంటి యెముక విరిగినప్పుడు వాడు ఆసుపత్రిలో మూడు వారములు నేలపై పరుండిన సంగతి వ్రాసితిని. చెల్లెలికి సైకిలు నేర్పినది వ్రాసితిని. మరి రెండు వ్రాసితిని. అన్నియు తెలుగులోనే వ్రాసితిని. వానికి చదువరాదు గనుక, నేనే పైకి చదివి వినిపింపవలసి వచ్చినది.