ఎర్త్ పట్టని బండ్లు

11 నవంబరు 2025, మంగళవారం

పొద్దున ఏడుకే చాకర్లపల్లి రైతు తన ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చినాడు. తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే. హారన్ మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం ఎత్తదు. ఇప్పటికే సెల్ఫ్ మోటరు విప్పించి బుష్షులు, బ్రష్షులు వేయించినాడు. బ్యాటరీ కూడా కొత్తదే. "శెనక్కాయ పీకే టైమప్పా ఇది. కూలోళ్లు చేన్లో కూర్చోనుండారు, ఏమన్నా చెయ్యి" అన్నాడు.

మీటరు తీసి ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట పెట్టి, షెడ్డు పిల్లోణ్ణి తాళం తిప్పమన్నా. 4 వోల్టులు చూపించింది. అర వోల్టు కూడా దాటకూడని చోటది. ఉండేదే 12. అందులో 4 దారిలోనే పోతే సెల్ఫ్ ఏం తిరుగుతుంది?

హారన్‌కు నాలుగైదు ఆంపియర్లు చాలు, కాబట్టి ఎర్త్ కొంత చెడినా అది మోగుతుంది. డీజిల్ ఇంజన్ను తిప్పే సెల్ఫ్‌కు రెండు వందలకు పైనే కావాలి. ఓముల్లో చూస్తే ఆ అడ్డంకి 0.02 కూడా ఉండదు, మామూలు మీటరులో దాని జాడే తెలియదు. అందుకే వైరు విప్పి ఓములు చూసి "కనెక్షన్ బాగుంది" అనేవాళ్ల మాట నేను నమ్మను. కరెంటు పారేటప్పుడే చూడాల.

ఎర్త్ బోల్టు విప్పితే సంగతి తెలిసింది. దసరాకు ఆయుధపూజ అని ఛాసిస్‌కు రంగు కొట్టించినాడంట. రంగు కొట్టినోడు వైరు తీసి, పూసి, ఆరినాక ఆ రంగు మీదనే వైరు కొసనుండే లగ్గు పెట్టి బిగించినాడు. బోల్టు మర మీదుగా పారే కరెంటుతో ఇన్నాళ్లు నెట్టుకొచ్చింది. తెల్లారుజామున చలి మొదలయ్యేసరికి ఇంజనాయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు బరువు పెరిగింది, బండి పడిపోయింది. లగ్గు కింద రూపాయి బిళ్లంత మేర ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాజలైన్ పూసినా. మళ్లీ చూస్తే 0.2. మొదటి తిప్పుకే పట్టింది.

మూడు వందలు అడిగితే "గీకినదానికి మూడొందలా సామీ?" అన్నాడు. విప్పాల్సిన పనే లేని సెల్ఫ్ మోటరుకు వేలు పోసి వచ్చిన మనిషి!

14 నవంబరు, శుక్రవారం

డిగ్రీ చదివే పిల్లోడొకడు బైకు తెచ్చినాడు. బ్రేకు నొక్కితే ఇండికేటర్ సన్నగా వెలుగుతుంది. వెనక దీపాలన్నిటికీ ఎర్త్ ఒకటే వైరు. అది ఊడితే బ్రేకు లైటు కరెంటు తిరిగిపోను దారి లేక పక్కనున్న ఇండికేటర్ బల్బులో దూరి పోతుంది. హోండా వాళ్ల పద్ధతిలో ఎర్త్‌కు పచ్చ వైరు. అది వెతికి కొత్త లగ్గు వేసినా. రెండు నిమిషాల పని, డబ్బులు తీసుకోలా. చదువుకునే పిల్లోడు కాబట్టి కూర్చోబెట్టి కారణం చెప్పినా, శ్రద్ధగానే విన్నాడు.

16 నవంబరు, ఆదివారం

ఈ పుట కోపంతోనే రాస్తుండా.

శెనక్కట్టె నింపుకున్న ట్రాలీలు రాత్రి తొమ్మిది, పది దాకా హైవే మీదనే తిరుగుతుండాయి. 44వ నంబరు జాతీయ రహదారి అంటే బెంగుళూరు, హైదరాబాదుల మధ్య పరుగెత్తే లారీలు, బస్సులు. వాటి ముందర, వెనక దీపం లేని ట్రాలీ! ఈరోజు ఒకటి షెడ్డు కాడికొచ్చింది. దీపాలు ఒకసారి వెలుగుతాయి, ఒకసారి ఆరిపోతాయి.

చూస్తే ట్రాలీ కట్టినోడు దీపాలకు వైర్లు లాగినాడే గానీ, ఎర్త్ వైరు లాగలా. ఏడు పిన్నుల సాకెట్టులో ఎర్త్‌కు వేరే పిన్ను, తెల్ల వైరు ఉంటాయి. ఆ పిన్ను ఖాళీ. ట్రాక్టర్‌కు, ట్రాలీకి మధ్య ఉన్న కొక్కెం చీలే ఎర్త్ అని వదిలేసినాడు. చీలకు గ్రీజు, తుప్పు, ఎర్రమన్ను. బరువు మీద లాగేటప్పుడు ఇనుముకు ఇనుము తగిలి వెలుగుతాయి, దిగుడులో చీల వదులైతే ఆరిపోతాయి. షెడ్డులో నిలబెట్టి పరీక్షించేటప్పుడు బాగానే ఉంటాయి. అదే ప్రమాదం. ఉన్నాయనుకొని డ్రైవరు రోడ్డెక్కుతాడు.

ట్రాలీ కొసదాకా నల్ల వైరు వేరే లాగి, రెండు దీపాలకూ విడివిడిగా కలిపినా. నాలుగు గజాల వైరు ఖరీదు మిగిలించుకోను మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే పని ఇది. అట్లా ట్రాలీలు కట్టేవాళ్లకు నా దగ్గర మర్యాద లేదు.

19 నవంబరు, బుధవారం

సత్యసాయి శతజయంతికి పుట్టపర్తికి ప్రధాని వచ్చినాడు. వారం నుంచి రోడ్డు నిండా భక్తుల బండ్లే. తుమకూరు వైపు నుంచి హిందూపురం మీదుగా వచ్చిన వ్యాను ఒకటి మధ్యాహ్నం మా షెడ్డు ముందర ఆగింది. లోపల ఆడవాళ్లు, ముసలివాళ్లు. డ్రైవరు కన్నడం, నేను తెలుగు. ఈ నేల మీద అదేం అడ్డం కాదు.

యాక్సిలరేటర్ బిగిసిపోతుంది, ఇంజను గుర్తు దీపం వెలుగుతుంది. దారిలో ఎవరో సెన్సర్ మార్చమన్నారంట. యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుంటే చెయ్యి కాలింది! పైన ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి ముడుచుకోనుంది. ఇంకేం చూడాల? కిందికి దూరితే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే జడ వైరు తెగి వేలాడుతుండాది.

ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మెల మీద. రబ్బరులో కరెంటు పారదు, కాబట్టి ఆ జడ వైరే దానికి దారి. అది తెగితే సెల్ఫ్ కరెంటు ఊరుకోదు, దొరికిన ఇనుప తీగ పట్టుకొని పోతుంది, ఈ వ్యానులో యాక్సిలరేటర్ కేబుల్ దొరికింది. అన్ని ఆంపియర్లకు అది హీటర్ కాయిలే. ఇక సెన్సర్ల సంగతి. వాటిలో చాలావాటికి 5 వోల్టుల సరఫరా. వాటి ఎర్త్ అర వోల్టు పైకి లేస్తే లెక్కలో పదో వంతు తేడా. కంప్యూటర్ సెన్సర్‌ను తప్పుపడుతుంది, మెకానిక్ కంప్యూటర్‌ను నమ్ముతాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చినప్పటి నుంచి బండ్లలో సెన్సర్లు పెరిగినాయి, ఈ తరహా తప్పుడు ఖర్చూ పెరిగింది.

జడ వైరు, కేబుల్ రెండూ కొత్తవి వేసి పంపినా. పెద్దామె ఒకామె కిటికీలో నుంచి విభూతి పొట్లం ఇచ్చింది.

21 నవంబరు, శుక్రవారం

పోయిన సంవత్సరం మార్చి 26న అమెరికాలో బాల్టిమోర్ కాడ వంతెనను గుద్దిన డాలీ ఓడ మీద విచారణ తేలింది. 300 మీటర్ల ఓడ, ఆరుగురు పనివాళ్లు చచ్చిపోయినారు. నావికుల్లో ఎక్కువమంది మన దేశం వాళ్లే. కరెంటు పోవడానికి మూలం ఒక వైరంట. దాని కొసకు వేసిన పేరు పట్టీ అడ్డుపడి, వైరు టెర్మినల్‌లో పూర్తిగా కూర్చోలేదు. అది ఎర్త్ వైరు కాదు, నిజమే. షెడ్డు పిల్లోడికి మాత్రం చెప్పినా: వైరు దూర్చినాక ఒకసారి లాగి చూడరా అని నేను అరిచేది ఇందుకే.

27 నవంబరు, గురువారం

బోరు ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎర్త్ గుంతలో నీళ్లు పోసే రైతు అడిగినాడు: "బండికీ నీళ్లు పోస్తే పట్టదా?" నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్నే. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ నిజంగా భూమిలోకి పోతుంది. మన నేల ఎండితే కరెంటును సరిగా తీసుకోదు, అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు, తడి. బండికి భూమితో పని లేదు, అది రబ్బరు చక్రాల మీదుంది. దాని ఎర్త్ దాని సొంత ఇనుమే. నీళ్లు పోస్తే తుప్పే మిగులుతుంది.

నాకు అర్థమైంది ఇది: ఎర్త్‌కు అట్టపెట్టెలో వచ్చే పార్టు లేదు, అమ్మితే కమీషన్ లేదు. అందుకే ఎవురూ ముందు అటు చూడరు. బ్యాటరీ, సెల్ఫ్, డైనమో మారినాక, జేబు ఖాళీ అయినాక, చివరికి గరుకు కాగితం గుర్తొస్తుంది. గీకినదానికి డబ్బులడిగితే రైతుకూ మోసంగానే తోస్తుంది, కంటికి కొత్త వస్తువేదీ కనపడదు కాబట్టి.

ఇకమీదట చీటీ మీద రెండు అంకెలు రాసిస్తా: పనికి ముందు ఎర్త్ మీద పోయిన వోల్టు, పని తర్వాత పోయింది. పిల్లోడికీ అదే చెప్పినా. ఆ రెండు అంకెలు రాయకుండా మా షెడ్డులో సెల్ఫ్ మోటరు విప్పేది లేదు.