కాగితం మీద ఉండగానే తేలిన లెక్క

దర్శిలో ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు ముందుగా మాట్లాడుకునేది మేస్త్రీని. అనుమతి కోసం ఎవరి చేతో ఒక ప్లాను గీయించి, అది చేతికి రాగానే బీరువాలో పెట్టేస్తారు. అక్కణ్ణుంచి ఇల్లంతా మేస్త్రీ నోటిలెక్క మీదే లేస్తుంది. మేము 2024 జూన్‌లో ఒంగోలులోని ఒక ఆర్కిటెక్చర్ సంస్థతో ఒప్పందం రాసుకున్నాం. 40 లక్షల అంచనా మీద 5 శాతం ఫీజు, అంటే 2 లక్షలు. దానిమీద 18 శాతం జీఎస్టీ, మరో 36 వేలు. “ఆ డబ్బుతో ఒక గది లేస్తుంది గదా టీచరమ్మా” అన్నాడు మేస్త్రీ. లేస్తుంది, నిజమే. అయినా ఇచ్చాం. ఇల్లు పూర్తయ్యాక లెక్కల పుస్తకం ముందేసుకుని చూస్తే, మేము ఇప్పటిదాకా డబ్బు విషయంలో తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకన్నా మంచిది నాకు కనిపించడంలేదు.

మా సంగతి ముందు చెప్పాలి. నాది ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉద్యోగం. మా ఆయన సాగర్ కుడి కాలువ కింద మూడెకరాల్లో మిర్చి, రెండెకరాల్లో పత్తి వేస్తారు. నా జీతం నెలనెలా వస్తుంది. పత్తి డబ్బు సంక్రాంతికి అటూఇటూగా వస్తుంది. మిర్చి డబ్బు కోతలై, ఎండి, గుంటూరు యార్డుకు చేరి, కాటా పడితేగానీ రాదు. ఇంటి ఖర్చు ఈ మూడింటి కోసం ఆగదు. పునాదికి ఒక్కసారిగా కావాలి, శ్లాబుకు ఇంకా ఎక్కువ కావాలి. చేతిలో 14 లక్షలు, బ్యాంకు లోను 22 లక్షలు, 2025 వేసవిలో మిర్చి మీద మిగులుతుందనుకున్నవి 4 లక్షలు. ఇదీ మా 40 లక్షల లెక్క. ఆ చివరి 4 లక్షల మీదే నాకు మొదటినుంచీ గుబులు.

ఒప్పందంలో ఫీజు ఎప్పుడెంత ఇవ్వాలో రాసుకున్నాం. సంతకానికి 10 శాతం, ఊహాచిత్రం ఖాయమయ్యాక 15, అనుమతి డ్రాయింగులకు 15, పనికొచ్చే పూర్తి డ్రాయింగులు, పరిమాణాల పట్టిక ఇచ్చాక 30, కట్టుబడి సాగుతుండగా విడతలుగా 25, తాళాలు ఇచ్చాక మిగిలిన 5. ఈ దశల వరుస ఆ సంస్థ సొంతంగా పెట్టుకున్నదేమీ కాదు. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంఘం 1963లోనే పనిని దశలుగా విడదీసి పద్ధతి రాసుకుంది. మన దేశంలో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నియమాలు కూడా ఏ దశలో ఏ పని పూర్తిచేయాలో, దానికి ఫీజులో ఎంత వంతు అందాలో చెబుతాయి. సంతకం పెట్టేముందు నేను చూసింది రిజిస్ట్రేషన్ నంబరు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదైనవాళ్ళే ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలి. ప్లాను గీసే పని మాత్రం నమోదు లేనివాళ్ళు కూడా చేయవచ్చని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాబట్టి గీసేది ఎవరో కనుక్కోవాల్సిన పూచీ ఇల్లు కట్టుకునేవాళ్ళదే.

ఊహాచిత్రం దశకే అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఆ సంస్థ నుంచి వచ్చిన అమ్మాయికి మా పెద్దకూతురి వయసుంటుంది. మొదటి రోజు గదులు ఎన్ని కావాలని అడగలేదు. పొద్దున ఎవరు ముందు లేస్తారు, మిర్చి టిక్కీలు ఎక్కడ దించుతారు, కూలీలకు అన్నం ఎక్కడ పెడతారు, మామయ్యగారు రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇవీ అడిగింది. పొదిలి రోడ్డు వైపున్న మా ఐదు సెంట్ల స్థలంలో ఒక సాయంత్రం గదుల కొలతలన్నీ ముగ్గు పోసి గీయించింది. అత్తయ్య వంటింటి గీతలో నిలబడి రెండు చేతులూ చాపి చూసి, “ఇక్కడ గ్రైండర్ పెడితే నేను తిరగడానికి చోటేదే అమ్మాయ్” అన్నారు. హాలులో మూడడుగులు తగ్గి వంటింట్లో కలిశాయి. పడమర పక్క టిక్కీల కోసం వేరే తలుపుతో ఒక గది వచ్చింది. సిద్ధాంతి గారిని కూడా అప్పుడే పిలిచాం. ఆగ్నేయంలో వంటిల్లు సరిపోయింది. మెట్లు మాత్రం ఈశాన్యం నుంచి నైరుతికి మార్చమన్నారు. ఆ అమ్మాయి మరో కాగితం తీసుకుని అక్కడే మార్చి గీసింది. మా వీధిలో ఒకాయన ఇదే మాట గోడలు లేచాక విని, మెట్లు పగలగొట్టించి మళ్ళీ కట్టించాడు. కూల్చడానికీ కూలి ఇవ్వాలి, కట్టడానికీ కూలి ఇవ్వాలి, రద్దు ఎత్తిపోయించడానికి ట్రాక్టరు కిరాయి వేరే. వాస్తు మీద నమ్మకం ఎంతున్నా ఆ సంప్రదింపు జరగాల్సింది ముగ్గు గీతల దగ్గరే.

తర్వాత మట్టి పరీక్ష. దానికి 18 వేలు. మా ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్ళు ఎక్కువగా దాటేసే ఖర్చు ఇదే, ఇక్కడే ఆగి చెప్పాలి. పత్తికి, మిర్చికి అంత బాగా పనికొచ్చే నల్లరేగడి ఇంటికి మాత్రం పగ. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత పగుళ్ళిస్తుంది. పైన ఉన్న ఇల్లు ఏటా ఆ కదలికకు లోనవుతుంది. దర్శి పాత వీధుల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన చీలికలు ఎన్ని ఇళ్ళకున్నాయో చూడండి. ప్రతి వేసవీ సిమెంటు పూస్తారు, వానాకాలం తర్వాత అదే చోట మళ్ళీ విచ్చుకుంటాయి. మా స్థలంలో దాదాపు మూడు మీటర్ల దాకా నల్లమట్టే ఉందని, కింద గరుసు తగిలిందని నివేదిక వచ్చింది. మేస్త్రీ ఐదడుగుల గుంత తీసి రాళ్ళు నింపుదామన్నాడు. ఆర్కిటెక్ట్ సంస్థ స్ట్రక్చరల్ ఇంజనీరు అండర్ రీమ్డ్ పైల్స్ సూచించారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే తీర్చిదిద్దిన పద్ధతి అది. భూమిలోకి సన్నటి బోరు లాంటి గుంత దింపుతారు, అడుగున దాన్ని గంటలా వెడల్పు చేస్తారు, కమ్మీలు దించి కాంక్రీటు పోస్తారు. నల్లమట్టి లోతుగా ఉన్నచోట కనీసం మూడున్నర మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. పైమట్టి ఎంత కదిలినా కిందున్న ఆ వెడల్పు పట్టు వదలదు. ప్లింత్ బీముకూ నేలకూ మధ్య ఖాళీ ఉంచుతారు, ఉబ్బిన మట్టి బీమును పైకి నెట్టకుండా. మేస్త్రీ లెక్క కన్నా దీనికి లక్షా పది వేలు ఎక్కువైంది. ఏటేటా చీలికలు పూడ్చే ఖర్చుకు బదులు ఒకేసారి భూమిలో పెట్టిన డబ్బని నేను దాన్ని సంతోషంగా కట్టాను.

పూర్తి డ్రాయింగులతోపాటు వచ్చిన పరిమాణాల పట్టిక నా చేతికి అందిన కాగితాల్లో అత్యంత విలువైనది. మా ఊళ్ళో కాంట్రాక్టంటే చదరపు అడుగుకి ఇంత అని ఒకే మాట. ఆ రేటులో సన్‌షేడ్లు కలిశాయా, సంపు కలిసిందా, పిట్టగోడ కలిసిందా, తలుపులు టేకువా వేపవా, ఏదీ తేలదు. తేలని ప్రతిదీ తర్వాత ‘ఎక్‌స్ట్రా’ అవుతుంది. పట్టికలో తవ్వకం ఎన్ని ఘనపు మీటర్లు, కమ్మి ఎన్ని కిలోలు, ఫ్లైయాష్ ఇటుక గోడ ఎంత, పూత ఎంత, వైరింగ్ పాయింట్లు ఎన్ని, అన్నీ వరుసగా ఉన్నాయి. అదే పట్టిక ముగ్గురు కాంట్రాక్టర్లకు ఇచ్చి రేట్లు రాయమన్నాం. చదరపు అడుగు మాటగా అందరికన్నా చౌక చెప్పినాయన, పట్టిక నింపేసరికి మధ్యలోకి వచ్చాడు. మేము ఖాయం చేసుకున్నాయనతో ప్రతి బిల్లు నుంచి 5 శాతం పట్టి ఉంచి, ఇల్లు అప్పగించిన ఏడాదికి ఇచ్చేటట్టు రాసుకున్నాం. లోపం ఏదైనా బయటపడితే వచ్చి బాగుచేసే పూచీ అది.

2025 ఫిబ్రవరిలో, మాఘమాసంలో శంకుస్థాపన జరిగింది. సరిగ్గా అప్పుడే మిర్చి ధర పడిపోయింది. రెండేళ్ళ ముందు క్వింటాలు 20 వేలు దాటిన సరుకు 11, 12 వేలకు దిగింది. ఆ నెలలోనే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చిందంటే రైతుల పరిస్థితి అర్థమవుతుంది. కోత కూలి, మందులు, కౌలు పోను మాకు మిగిలింది ఏమీ లేదు. అనుకున్న 4 లక్షలు మాయమయ్యాయి. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆ బాండ్ల మీద అప్పు తెచ్చి ఇంట్లో పెడదామని మా ఆయన అన్నారు. చాలామంది చేసే పనే. నేను ఒప్పుకోలేదు. ధర పెరుగుతుందన్న నమ్మకం లేదు. స్టోరేజీ అద్దె, వడ్డీ రెండూ రోజూ పెరిగేవే. పంట అప్పు పంటకే ఉండాలి, ఇంటి అప్పు ఇంటికే ఉండాలి.

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్నాడు పట్టిక తీసుకుని వచ్చింది. “మేడం, నేలలోకి వెళ్ళేదాన్నీ, గోడలో దాగేదాన్నీ ముట్టుకోవద్దు. పైన కనిపించేవన్నీ తర్వాతైనా వస్తాయి” అంది. అలాగే వరుసగా గీత కొట్టుకుంటూ వచ్చాం. ప్రహరీ వాయిదా పడింది. ముందు పోర్టికో వాయిదా పడింది, దాని స్తంభాల పునాదులు మాత్రం ఇప్పుడే వేసేయాలంది. హాల్లో ఫాల్స్ సీలింగ్ తీసేశాం. గెలాక్సీ గ్రానైట్ ఫ్లోరింగ్ అనుకున్నది మారింది. చీమకుర్తి పాలిషింగ్ యూనిట్లలో ఎగుమతి కొలతకు రాని చిన్న ముక్కలు తక్కువకు దొరుకుతాయి. వాటి కొలత చూసుకుని ఫ్లోర్ డ్రాయింగు మళ్ళీ గీసిచ్చింది. 3 లక్షల 70 వేలు తగ్గాయి. ఇంటి బలంలో రూపాయి కూడా తగ్గలేదు. పట్టిక లేకపోతే ఈ కోతలు ఎక్కడ పడేవో ఊహించుకోండి. కమ్మి లావులో, సిమెంటు పాళ్ళలో పడేవి, మాకు తెలిసేది కూడా కాదు.

ఈ విషయం ఆలోచించినప్పుడల్లా నాకు అమరావతి గుర్తొస్తుంది. అసెంబ్లీ, హైకోర్టు నమూనాలకు 2016లో జపాన్‌కు చెందిన మాకి సంస్థను ఎంపిక చేసి, ఆ తర్వాత లండన్ సంస్థ ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్‌కు మార్చారు. కాగితం దశలో మార్పు అది. 2019 తర్వాత పని ఆగినప్పుడు సచివాలయ టవర్ల రాఫ్ట్ పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానాయి. 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి వాటి గట్టితనం పరీక్షించాల్సి వచ్చింది. నమూనా మార్చడానికయ్యే ఖర్చుకూ, పోసిన పునాది ఆగిపోతే అయ్యే ఖర్చుకూ పోలికే లేదు. మా ఐదు సెంట్లలో నేను భయపడిందీ అదే: సగంలో ఆగకూడదు. అందుకే ఏ దశ మొదలుపెట్టినా, దానికి కావాల్సిన డబ్బు మొత్తం ఖాతాలో ఉందో లేదో చూసుకున్నాకే కాంట్రాక్టరుకు ‘కానివ్వండి’ అన్నాను.

బ్యాంకు కూడా లోను ఒకేసారి ఇవ్వదు. పునాది, శ్లాబు, గోడలు, పూత, ఇలా పని చూసి విడతలుగా విడుదల చేస్తుంది. ఇచ్చినంత మీదే వడ్డీ పడుతుంది. మేము సొంత డబ్బు ముందు ఖర్చుపెట్టి లోను వెనక్కి జరిపాం. ఆర్కిటెక్ట్ సంస్థ ఫోటోలు, కొలతలతో దశ ధ్రువపత్రం ఇస్తుండడంవల్ల బ్యాంకు తనిఖీ ఒక్కసారీ ఆలస్యం కాలేదు. పన్ను సంగతి కూడా రాస్తాను, తోటి ఉపాధ్యాయులు తరచూ అడుగుతారు గనక. సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు పాత పద్ధతిలోనే వర్తిస్తుంది. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. నా జీతం ఆ లోపే ఉంది. పన్ను కలిసొస్తుందని లోను పెద్దది చేసుకోవాల్సిన పని నాకు లేకపోయింది.

శ్లాబు మే నెలాఖరులో పడింది. ముందురోజు ఆ అమ్మాయి, ఇంజనీరు సెంట్రింగ్ మీద మోకాళ్ళ మీద కూర్చుని కమ్మీల కింద కవర్ బ్లాకులు ఒక్కొక్కటే లాగి చూశారు. కొన్నిచోట్ల కంకర ముక్కలు పెట్టి ఉంటే తీయించారు. మా బోరు నీళ్ళలో క్లోరైడు, కమ్మి వేసే కాంక్రీటుకు అనుమతించే లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటిందని పరీక్షలో తేలింది. కాంక్రీటుకూ తడపడానికీ ట్యాంకర్లు తెప్పించాం. శ్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టారు. పీపీసీ సిమెంటు కనక కనీసం పది రోజులు తడి ఆరకూడదని గోడ మీద పేపరు అతికించారు. అత్తయ్య రోజూ పొద్దున్నే నిచ్చెన దగ్గరికొచ్చి “మళ్ళు ఎండలేదు గదా” అని అడిగేవారు.

సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఫ్లోరింగు, బయట పూత అప్పటికి మిగిలి ఉండటంతో ఆ మేరకు కలిసొచ్చింది. కార్తీకంలో గృహప్రవేశం చేశాం. మొత్తం ఖర్చు, ఫీజూ పన్నూ కలిపి, 38 లక్షల 60 వేలు. ఫీజులో చివరి 5 శాతం ఇచ్చిన రోజున సంస్థ మాకు ఒక ఫైలు ఇచ్చింది. కట్టినది కట్టినట్టుగా గీసిన డ్రాయింగులు, పూత వేయకముందు ప్రతి గోడలో పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూపే ఫోటోలు, పోర్టికో స్తంభాల కొలతలు, పైన ఇంకో అంతస్తు వేస్తే పైల్స్ ఎంత బరువు మోస్తాయో చెప్పే పేజీ అందులో ఉన్నాయి. ఇంటి దస్తావేజులతోపాటు దాన్నీ లాకర్లో పెట్టాను. కాంట్రాక్టరుకు పట్టి ఉంచిన 5 శాతం వచ్చే కార్తీకానికి ఇవ్వాలి, దానికి వేరే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాం. ప్రహరీ మాత్రం ఈసారి పత్తి డబ్బు చేతికొచ్చాకే. డ్రాయింగు సిద్ధంగా ఉంది, ఇటుకల లెక్క పట్టికలోనే ఉంది.