ఎదురు వచ్చిన మురుగు

మేము హైదరాబాదు పాతబస్తీలో కాపురముండువారము. 1908వ సంవత్సరమున మూసీ పొంగి వేలకొలది జనమును పొట్టబెట్టుకొనిన పిదప, విశ్వేశ్వరయ్యగారు వచ్చి, వరదను అరికట్టు ఉపాయముతోబాటు నగరమునకు భూగర్భపు మురుగుకాలువల పథకమును గూడ చెప్పిరి. ఆ పథకము ననుసరించి వేసిన గొట్టములు నాటి జనమునకు చాలినవి. నేడు ఒక్కొక్క పెంకుటింటి స్థలమున నాలుగంతస్తులు లేచినవి. గొట్టములు మాత్రము పలుచోట్ల పాతవే. వాననీరును వానిలోనికే దిగును. పట్టని నీరు ఎచ్చటికి పోవును? వీధి మ్యాన్‌హోలుకంటె పల్లమున నున్న స్నానాలగదిలోనికి ఎదురు వచ్చును.

2020 అక్టోబరు 13వ తేదీ కుంభవృష్టికి మాయింట జరిగినది ఇదియే. నీటిలో అడుగిడకమున్నే కరెంటు మెయిను కట్టివేయించితిమి. నీరు తీసినవెంటనే బ్లీచింగు చల్లుద మని తొందరపడరాదు. మడ్డి యుండగా దాని శక్తి వృథా యగును. మొదట సబ్బునీళ్లతో రుద్ది కడిగి, పిమ్మట బ్లీచింగు నీళ్లు పోయవలెను. పాయిఖానాకు వాడు యాసిడ్డును దానితో కలిపితిరా, విషవాయువు పుట్టును. తడిసిన పరుపులను పారవేసితిమి. బియ్యపుబస్తాను ఎండబెట్టిన చాలునని అత్తగారు పట్టుబట్టిరి గాని, మురుగు సోకిన ధాన్యమునకు ఎండ చాలదు. మంచినీళ్ల సంపు మూత పెరటి నేలతో సమమై యుండుటచే దానిని తోడించి, కడిగించి, క్లోరిన్ వేయించువరకు కాచిన నీళ్లే త్రాగితిమి. కామెర్లు, టైఫాయిడు ఈ దారినే గదా వచ్చునది!

"పనిమనిషి వచ్చి ఎత్తిపోయును, మీకేల?" యని పొరుగింటి పిన్నిగారు. మనము ముట్టనొల్లనిది ఆమె చేతులు ముట్టవచ్చునా? రబ్బరు తొడుగులు ఆమెకును మాకును ఒకేరకమువి కొనితిమి, మాతోడనే కడిగినది.

మరునాడు వీధివారు చందా వేసికొని, మ్యాన్‌హోలు దిగుటకు ఒక కుర్రవానిని పిలిపించిరి. వానిచేత నున్నది తాడొక్కటే. కుళ్లిన గ్రుడ్డు వాసనగల ఆ వాయువు కొలది శ్వాసలలోనే మనిషిని పడగొట్టును. రక్షణ లేక మనిషిని దింపుట 2013వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరమని చెప్పి, మా యింటి ఆడువార మందరము మూతదగ్గర నిలిచితిమి. యంత్రము వచ్చువరకు ఇంకను రెండుదినములు కంపు భరింపవలసివచ్చెను; వీధివారు మాతో మాటలాడుట మానిరి. కుర్రవాడు తన కూలి పోయెనని చిన్నబోగా, చందాలోని కూలిడబ్బును మేమే యిచ్చితిమి. వాడు మా అరుగుమీద టీ త్రాగి, తాడు చుట్టుకొని వెడలిపోయెను.